గణితపు మార్కులును మేనేజిమెంటు ప్రవేశమును

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన వారమునందును, ఐసెట్ దరఖాస్తుల గడువు సమీపించిన వారమునందును, గన్నవరము మొదలుకొని హనుమాన్ జంక్షన్ వరకు జాతీయ రహదారికి ఇరుప్రక్కల గల గ్రామములలో తల్లిదండ్రులు ఉపాధ్యాయులను, ఉపాధ్యాయులు తమకు తెలిసిన పెద్దలను అడుగుచుండు ప్రశ్న యొకటి కలదు. “మా అబ్బాయికి లెక్కల్లో మార్కులు తక్కువండీ, ఎంబీఏకి పనికొస్తాడా?” అనునదియే ఆ ప్రశ్న. అడుగువారి కంఠస్వరములోనే సమాధానము సగము ఇమిడియుండును. పనికిరాడని వారు మనసులో ఇదివరకే నిశ్చయించుకొని, ఆ నిశ్చయమును ఎవరైనను ఖండింతురేమో యను ఆశతో వచ్చినవారు.

ఈ ప్రశ్నకు ఔననిగాని కాదనిగాని ఒక్కమాటతో బదులు చెప్పువారు విద్యార్థికి అపకారమే చేయుచున్నారు. మార్కుల జాబితాలో గణితమున కెదురుగా నున్న అంకె ప్రవేశ నిబంధనలో ఒక విధముగాను, ప్రవేశ పరీక్షలో మరియొక విధముగాను, పూర్వవిద్యా గణనలో వేరొక విధముగాను పని చేయుచున్నది. ఒకచోట దానికి విలువయే లేదు, ఒకచోట అది పరోక్షముగా మాత్రమే బాధించును, ఒకచోట అది సూచించు లోపము నిజముగనే ద్వారమును మూసివేయును. ఈ మూడింటిని కలగాపులగము చేసి, పదియవ తరగతిలోనో ఇంటర్ మొదటి సంవత్సరములోనో వచ్చిన మార్కును జన్మలగ్నమువలె చూచుటచే, మార్కు చేయని హానిని మార్కును గూర్చిన భయము చేయుచున్నది. ఈ వ్యాసమున నేను నిరూపింపదలచినది ఇంతియే: కృష్ణా డెల్టా విద్యార్థికి మేనేజిమెంటు విద్యాలయమును దూరము చేయుచున్నది తక్కువ మార్కు కాదు; ఆ మార్కు వచ్చిన పిదప గణితమును పూర్తిగా విసర్జించి గడపిన ఐదేండ్ల కాలము.

ముందు నిబంధనల మాట. మన రాష్ట్రములో ఐసెట్ ద్వారా ఎంబీఏలో చేరదలచినవానికి డిగ్రీ యుండవలెను. అందు సామాన్య వర్గమువారికి నూటికి 50 మార్కులు, రిజర్వేషను వర్గములవారికి 45 మార్కులు వచ్చియుండవలెను. ఆ డిగ్రీ బి.ఏ. యైనను, బి.కామ్. యైనను, బి.ఎస్సీ. యైనను, ఇంజినీరింగైనను భేదము లేదు. గణితము చదివియుండవలెనను షరతు అదే పరీక్ష ద్వారా ప్రవేశము పొందు ఎంసీఏకు ఉండుచు వచ్చినది గాని ఎంబీఏకు లేదు. ఈ రెండు కోర్సులకు పరీక్ష యొకటియే యగుటచే రెండింటి నియమములును ఒకటియే యని భ్రమించి, గణితము లేని సి.ఇ.సి. గ్రూపు చదివిన పిల్లలు దరఖాస్తు చేయుటయే మానుకొనుచుండుట విచారకరము. అఖిల భారత స్థాయిలో ఐ.ఐ.ఎం.లు నడుపు క్యాట్ పరీక్షకును డిగ్రీయే అర్హత. ఏ తరగతిలో గణితమున నెన్ని మార్కులు వచ్చెనని అడుగు నిబంధన అందును లేదు. కావున నిబంధనల వరకు చూచినచో లెక్కల మార్కు ఎవనికిని అడ్డము రాదు.

ఇక పరీక్ష సంగతి. ఐసెట్ 200 మార్కుల పరీక్ష. తర్కశక్తి, గణితము, భాషాసామర్థ్యము అను మూడు భాగములు. తప్పు జవాబునకు కోత లేదు. నూటికి 25 వంతున, అనగా 50 మార్కులు వచ్చినచో అర్హత సిద్ధించును. షెడ్యూల్డు కులములకు, తెగలకు ఆ కనీసము కూడ లేదు. పరీక్ష వ్రాసినవారిలో నూటికి తొంబదిమందికి మించి అర్హులగుచుండుట ఇటీవలి సంవత్సరముల అనుభవము. ఇట్టి పరీక్షలో గణితము రానివాడు తప్పిపోవునని భయపడుట నిరాధారము. అయితే ఇందు మోసపోవుటకు అవకాశమొకటి కలదు. అర్హత వేరు, ర్యాంకు వేరు. విశ్వవిద్యాలయ కళాశాలలోనో, విజయవాడలోని పేరున్న కళాశాలలోనో సీటు రావలెనన్నచో ర్యాంకు కావలెను. ర్యాంకులో గణితభాగము చాలినంత బరువు తూగును. లెక్కలను పూర్తిగా వదలివేసి తక్కిన రెండు భాగములతో గట్టెక్కినవానికి సీటు దొరకును గాని, ఆ సీటు ఎచ్చట దొరకునో, అచ్చట చదివిన చదువునకు బయట ఎట్టి గౌరవము లభించునో కౌన్సెలింగునాడు గాని తెలియదు. “ఐసెట్ క్వాలిఫై అయ్యాడు” అని ఇంటిల్లిపాది సంతోషించిన తరువాత కలుగు నిరాశ ఇదియే.

క్యాట్ స్వభావము వేరు. ఏటేట లక్షలకొలది అభ్యర్థులు పేర్లు నమోదు చేసికొను ఆ పరీక్షలో భాషాభాగము, దత్తాంశ తర్కభాగము, గణితభాగము అను మూడింటికి విడివిడిగా నలుబది నిమిషముల వంతున కాలము నియమితమై యున్నది. ఒకదానిలో మిగిలిన కాలమును మరియొకదానికి వాడుకొనుటకు వీలులేదు. ప్రతి ఐ.ఐ.ఎం.యును మొత్తముమీద ఇంత పర్సంటైలు రావలెనని చెప్పి ఊరకుండక, ప్రతి భాగములోను కనీసమింత రావలెనని వేరుగ నిర్ణయించును. అహమ్మదాబాదు, బెంగుళూరు, కలకత్తా సంస్థలు సామాన్య వర్గమునకు ఆ కనీసమును ఇటీవలివరకు సుమారు 70 మొదలు 80 వరకు నిర్ణయించుచు వచ్చినవి. ఆంగ్లమున అగ్రగణ్యుడైనను గణితభాగమున ఆ గడప దాటనివాని పేరు జాబితాలో కానరాదు. లెక్కల బలహీనత నిజముగా ద్వారమును మూయు స్థలము ఇది. దీనిని దాచి విద్యార్థిని ఓదార్చుట దయ యనిపించుకొనదు.

కాని ఆ గడప యెత్తెంతయో కూడ చెప్పవలెను. గణితభాగమున ఇరువది రెండు ప్రశ్నలు. ఒక్కొక్కదానికి మూడు మార్కులు. పర్సంటైలు అనగా వచ్చిన మార్కుల శాతము కాదు, మనకంటె వెనుకబడినవారి శాతము. ఇటీవలి సంవత్సరములలో ఐదారు ప్రశ్నలను తప్పులేకుండ సాధించి, తక్కినవానిని ముట్టక వదలినవానికి సయితము ఆ భాగములో కనీసపు గడప దాటుట సాధ్యమైనది. గణితభయము గలవాడు చేయు పెద్ద పొరపాటు తెలియకపోవుట కాదు. తెలియని ప్రశ్నలకు కూడ గ్రుడ్డిగా జవాబులు గుర్తించి ఒక్కొక్క తప్పునకు ఒక్కొక్క మార్కు పోగొట్టుకొనుట. అయితే గడప దాటుట వేరు, పీటవేయబడుట వేరు. పాత ఐ.ఐ.ఎం.లలో సామాన్య వర్గము అభ్యర్థి ఇంటర్వ్యూకు పిలువబడవలెనన్నచో మొత్తముమీద 97, 98, 99 పర్సంటైళ్ల ప్రాంతమున నుండవలసివచ్చును. అచ్చటికి చేరుటకు భాషాబలమొక్కటియే చాలదు. విశాఖపట్టణపు గంభీరములో నెలకొన్న ఐ.ఐ.ఎం.వంటి కొత్త సంస్థలలో ఈ ఒత్తిడి కొంత తక్కువ. పెక్కు ఐ.ఐ.ఎం.లు ఇంజినీరింగు కానివారికి, స్త్రీలకు కొన్ని అదనపు మార్కులు చేర్చుచున్నవి, బి.కామ్. చదివిన గ్రామీణ విద్యార్థిని ఈ సంగతి యెరిగియుండుట అవసరము.

మూడవది పూర్వవిద్యా గణన. ఇందు పాత మార్కు పరోక్షముగా పని చేయును. అహమ్మదాబాదు, బెంగుళూరు సంస్థలు పదియవ తరగతి, పండ్రెండవ తరగతి, డిగ్రీలలో వచ్చిన మొత్తపు శాతములకు కొంత విలువ కట్టి క్యాట్ మార్కులతో కలుపును. వారు గణితమును విడదీసి చూడరు. కాని మన ఎం.పి.సి.లో గణితపు వాటా ఎంతటిదో తెలిసినవారికి ఆ భేదము పెద్దదిగా తోచదు. నిన్న మొన్నటివరకు రెండేండ్లకు కలిపి 1000 మార్కులలో గణితమునకే 300. ఒక బాలుడు తక్కిన 700లో నూటికి 95 వంతున 665 తెచ్చుకొని, గణితమున నూటికి 60 వంతున 180 తెచ్చుకొన్నాడనుకొందము. మొత్తము 845. గణితములోను తక్కినవానితో సమముగా వచ్చియున్నచో 950. ఒక్క సబ్జెక్టు వలన పది శాతమునకు పైగా దిగిపోయినాడు. ఆ బాలుడే సి.ఇ.సి.లో చేరియున్నచో ఆ పది శాతము పోయియుండెడిది కాదు. కావున గణితమునకు వెరచి గ్రూపు మార్చుకొన్నవాని రికార్డు మెరుగుగాను, ధైర్యము చేసి గణితమును పట్టుకొన్నవాని రికార్డు తరుగుగాను కనబడు విడ్డూరము ఈ లెక్కలో కలదు. మొదటివాడు దాని ఋణమును క్యాట్ గణితభాగమున తీర్చుకొనవలసివచ్చును. రెండవవానికి అచ్చట ఆ శ్రమ తగ్గును. ఇద్దరిలో ఎవరు లాభపడిరని తేల్చుట కష్టము గాని, ఇంటర్ శాతమొక్కటి చూచి ఇద్దరి యోగ్యతను నిర్ణయించువారు మాత్రము పొరబడుచున్నారు.

వర్తకము చేయుట నేర్పు విద్యకు గణితముతో ఇంత పనియేమని కొందరు ప్రశ్నింతురు. ఈ సంబంధమునకు ఒక చరిత్ర కలదు. అమెరికాలో వార్టన్ పాఠశాల 1881లోను, హార్వర్డు వాణిజ్య పాఠశాల 1908లోను వెలసిన తొలిదినములలో ఈ విద్య జమాఖర్చుల పుస్తకములు, బ్యాంకుల ఆచారములు, కర్మాగార నిర్వహణానుభవములు మున్నగు వానితో సరిపెట్టుకొన్నది. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున సరకు నౌకలను ఎట్లు గుంపుగట్టి నడపవలెను, విమానములను ఎచ్చట మోహరింపవలెను అను సమస్యలకు గణితజ్ఞులు కనిపెట్టిన పద్ధతులు యుద్ధానంతరము కర్మాగారములలోనికి ప్రవేశించినవి. 1959లో ఫోర్డు ఫౌండేషన్ పక్షమున గోర్డన్, హొవెల్ అను ఆర్థికవేత్తలును, కార్నెగీ సంస్థ పక్షమున పియర్సన్ అను విద్వాంసుడును ప్రకటించిన నివేదికలు వాణిజ్య పాఠశాలల బోధనను తీవ్రముగా విమర్శించి, గణితమును, గణాంక శాస్త్రమును, ఆర్థిక విశ్లేషణమును పునాదిగా చేయవలెనని పట్టుబట్టినవి. ఆ ఫోర్డు ఫౌండేషన్ తోడ్పాటుతోడనే 1961లో కలకత్తాలోను, అహమ్మదాబాదులోను మన తొలి ఐ.ఐ.ఎం.లు వెలసినవి. వానికంటె ముందే, 1957లో, వాల్తేరునందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎంబీఏ తరగతులను నెలకొల్పినదని తెలుగువారు మరువరాదు. ఇట్లు మేనేజిమెంటు విద్యలోనికి గణితము ప్రవేశ పరీక్షల వడపోత కొరకు వచ్చినది కాదు. పాఠ్యములోనికి ముందు వచ్చి, పరీక్షలోనికి తరువాత దిగినది. ఎంబీఏ మొదటి సంవత్సరములో గణాంక శాస్త్రము, అకౌంటింగు, ఆర్థిక నిర్వహణము, ఆపరేషన్స్ రీసెర్చి అను సబ్జెక్టులు తప్పనిసరిగా నుండును. ప్రవేశ పరీక్షను ఎట్లో దాటినవాడు వీనియెదుట నిలువజాలనిచో ఆ ప్రవేశము వలన ఒనగూడు ప్రయోజనము స్వల్పము.

తెలుగువానికి ఈ గణితము పరాయిది కాదు. తెలుగులో తొలి గణితగ్రంథముగా ప్రసిద్ధి కెక్కిన పావులూరి మల్లన కృతి, జైన గణితవేత్త మహావీరాచార్యుని గణితసారసంగ్రహమునకు అనుసరణము. మహావీరుడు త్రైరాశికమును, వడ్డీలను, భాగస్థులు లాభమును పంచుకొను విధమును విస్తరించి చెప్పినవాడు. నేటి క్యాట్ పుస్తకములో అంకగణితమను శీర్షిక క్రింద నుండునవి చాలవరకు ఇవియే. ఇక గణాంక శాస్త్రమునకు వచ్చినచో, ప్రపంచమున ఆ శాస్త్రమును చదువు ప్రతివాడును ఉచ్చరింపవలసిన పేరు కల్యంపూడి రాధాకృష్ణారావుది. సి.ఆర్. రావుగా లోకమెరిగిన ఆ మహనీయుడు 1920లో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున పట్టము పొంది, 1945లో, ఇరువదియైదేండ్లు నిండీనిండని ప్రాయమున, కలకత్తా గణితసంఘ పత్రికలో ప్రకటించిన వ్యాసముతో చిరస్థాయియై, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారము నందుకొని అదే సంవత్సరము అస్తమించెను. గన్నవరమునకు పొరుగుననే గల నూజివీడు మామిడికి ప్రసిద్ధమని పిల్లలందరికి తెలియును, సి.ఆర్. రావు చదివిన ఊళ్లలో అదియొకటి యని ఏ బడిలోను చెప్పగా నేను వినలేదు.

అయితే ప్రవేశ పరీక్షలు అడుగునది సి.ఆర్. రావు ఎరిగిన గణితము కాదు. అవి అడుగునది పదియవ తరగతి దాటని గణితము. దాటినను స్వల్పముగా దాటును. కష్టమంతయు ప్రశ్నను అర్థము చేసికొనుటలోను, కాలము చాలకపోవుటలోను ఉన్నది. ఒక ఉదాహరణము. కోతలు ముగిసి ధాన్యము కళ్లములో నున్నది. తేమ 22 శాతము. కొనుగోలు కేంద్రమువారు 17 శాతమునకు మించినచో తీసికొనరు. నూరు కిలోల ధాన్యమును ఆరబెట్టి 17 శాతమునకు తెచ్చినచో తూకము ఎంత తగ్గును? ఐదు కిలోలని చప్పున తోచును. తగ్గునది ఆరు కిలోలు. నూరు కిలోలలో 22 నీరు, 78 గింజ. ఆరిన పిదప కూడ గింజ 78 కిలోలే, కాని అదిప్పుడు మొత్తములో 83 శాతము. 78ని 83చే భాగించి 100చే హెచ్చించినచో ఇంచుమించు 94 కిలోలు వచ్చును. క్యాట్ పుస్తకములలో ఈ ప్రశ్నయే పచ్చిద్రాక్ష, ఎండుద్రాక్ష వేషములో కనబడి పిల్లలను భయపెట్టుచుండును. బాపులపాడు మండలపు కౌలురైతు కాటావద్ద తేమ పేరిట, తరుగు పేరిట ఎంత కోత న్యాయమో, ఎంత అన్యాయమో తేల్చుకొనవలసినపుడు ఈ లెక్కనే చేయును. అతడు కాగితముపై చేయడు, తప్పును చేయడు. అతని కుమారుడు ఇదే లెక్కను ఆంగ్లములో చదివి “నాకు లెక్కలు రావు” అనుచున్నాడు.

వడ్డీలోను ఇట్లే. మన గ్రామములలో రెండు రూపాయల వడ్డీ యనగా నూటికి నెలకు రెండు, సంవత్సరమునకు 24 అని చిన్నపిల్లలకును తెలియును. అదే నెలనెల అసలులో కలిసి చక్రవడ్డీగా పెరిగినచో ఏడాదికి 24 కాక 26.8 శాతమగునని కొందరికే తెలియును. ఆ రెండు శాతములకు పైబడిన భేదమును గుర్తించుటయే ఆర్థిక నిర్వహణ శాస్త్రములో మొదటి పాఠము. చిన్నఅవుటపల్లిలోనో తేలప్రోలులోనో పాలకేంద్రము నడపువాడు వెన్నశాతమును బట్టి లీటరు ధర కట్టునపుడు, వేర్వేరు శాతముల పాలు కలిసిన క్యాను సగటు ఎంతయో పట్టిక చూడకయే చెప్పును. ఎంబీఏ ప్రవేశమునకు అవసరమైన గణితములో అధికభాగము మన గడపలోనే వ్యవహారమున నుండగా, దానిని బడిలో చూచి వెరచుట ఎట్లు సంభవించినది?

సంభవించిన విధము గన్నవరమునందును, బెజవాడయందును పెరిగినవారికి విదితమే. గత నలుబదేండ్లలో ఈ ప్రాంతము ఇంటర్ విద్యకు, ఇంజినీరింగు ప్రవేశ శిక్షణకు దేశప్రసిద్ధి పొందినది. ఆ ప్రసిద్ధి వలన వేలకొలది రైతుబిడ్డలు అమెరికా వరకు పోయిరి. దీనిని చులకన చేయుట కృతఘ్నత. కాని ఎం.పి.సి. చేరి ఎంసెట్, ఐఐటీలకు సిద్ధమగుటయే గణితమునకు ఏకైక ప్రయోజనమను భావము ఇచ్చటి గాలిలో వ్యాపించినది. ఆ వేగమునకు తట్టుకొనువాడు లెక్కలు వచ్చినవాడు. తట్టుకొనలేనివాడు లెక్కలు రానివాడు. మధ్యస్థుడను వాడు ఈ విభాగములో లేడు. వారాంతపు పరీక్షలో వెనుకబడిన పదునారేండ్ల బాలుడు అవకలన గణితము అందక వెనుకబడెనో, శాతములు రాక వెనుకబడెనో విచారించువారు లేరు. అట్టివానిని ఇంటివారు సి.ఇ.సి.కి మార్చుదురు, లేదా తొలుతనే బై.పి.సి.లో చేర్చుదురు. అప్పటినుండి రెండేండ్ల ఇంటర్, మూడేండ్ల డిగ్రీ, వెరసి ఐదేండ్లు అతడు శాతము, నిష్పత్తి, సమీకరణము అను మాటలను చూడడు. ఇరువదియొకటవ యేట ఎవరో ఎంబీఏ మంచిదని చెప్పగా బెంజి సర్కిల్ ప్రాంతమున కోచింగు సెంటరులో చేరి, మూడు నెలలలో ఐదేండ్ల దూరమును నడువజూచి, అలసి మానుకొనును. ఐదేండ్ల క్రితపు మార్కే తనను ఆపినదని అతడును, ఇంటివారును నమ్ముదురు.

గన్నవరములోని పశువైద్య కళాశాల విద్యార్థుల సంగతి ఇంకను గమనింపదగినది. వారందరును బై.పి.సి. మార్గమున వచ్చినవారు, గణితమును పదియవ తరగతితో విడిచినవారు. కాని పశు ప్రజననము, జన్యుశాస్త్రము గణాంకములు లేక నడువవు గనుక, ఐదున్నరేండ్ల చదువులో వారు సగటును, విచలనమును ప్రయోగశాలలోనే ఎదుర్కొందురు. ఇట్టి పట్టభద్రులకు హైదరాబాదు రాజేంద్రనగరములోని మేనేజ్ సంస్థ వ్యవసాయ వ్యాపార నిర్వహణలో డిప్లొమా నిచ్చుచున్నది; అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లోను ఆహార, వ్యవసాయ వ్యాపార నిర్వహణకు ప్రత్యేక కోర్సు కలదు. రెండింటికిని క్యాట్ మార్కులు ప్రధానాధారము. పాడిపరిశ్రమయు, కోళ్ల పరిశ్రమయు, చేపలు రొయ్యల సాగును ఇంతగా విస్తరించిన కృష్ణా డెల్టాలో పశువైద్యము తెలిసి వ్యాపారము నడుపగల యువకులకంటె అవసరమైనవారెవరు? గణితభయము వలన వారిలో కొందరు ఆ క్యాట్ దరఖాస్తునే నింపనిచో, నష్టపోవునది వారు మాత్రమే కాదు.

విదేశముల సంగతి కొంత చెప్పి ముందుకు సాగుదును. అమెరికాలోని ప్రసిద్ధ వాణిజ్య పాఠశాలలు మార్కుల గడపలు పెట్టుట అరుదు. అభ్యర్థి మార్కుల జాబితా మొత్తమును చదివి తీర్పు చెప్పును. అందు గణితములోనో, గణాంకములలోనో తక్కువ గ్రేడు కనబడినచో, ఈ విద్యార్థి మొదటి సెమిస్టరును తట్టుకొనగలడా యను సందేహము వారికి కలుగును. ఆ సందేహమును తీర్చు సాధనములును వారే చూపియున్నారు: జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ గణితభాగమున మంచి స్కోరు, గణాంకములలోనో అకౌంటింగులోనో కొత్తగా చదివి తెచ్చుకొన్న గ్రేడు, ఉద్యోగములో బడ్జెట్లు, అంచనాలు, ధరవరలు చూచిన అనుభవము, అనారోగ్యమువంటి కారణమున్నచో దానిని క్లుప్తముగా, సాకుగా గాక, తెలియజేయుట. హార్వర్డువారు అంతర్జాలమున నడుపు కోర్ అను పాఠ్యక్రమములో దత్తాంశ విశ్లేషణము, అర్థశాస్త్రము, అకౌంటింగు అను మూడే సబ్జెక్టులుండుట గమనించినచో వారికి కావలసినదేదో తెలియును. 2024 నుండి పూర్తిగా అమలులోనున్న కొత్త జీమ్యాట్ గణితభాగములో క్షేత్రగణితము లేదు. 21 ప్రశ్నలకు 45 నిమిషములు. 2001లో హైదరాబాదు గచ్చిబౌలిలో ప్రారంభమైన ఐ.ఎస్.బి.లోను ఏడాది కోర్సునకు జీమ్యాట్, జీఆర్‌ఈలే ప్రధాన మార్గములు. ఇంటర్ కాగానే డిగ్రీ స్థాయిలోనే విదేశమునకు పోదలచినవారికి మాత్రము నియమములు కఠినములు. టొరంటో విశ్వవిద్యాలయపు రాట్‌మన్ కామర్సువంటి చోట్ల పండ్రెండవ తరగతిలో కలనగణితము చదివియుండుట తప్పనిసరి, అచ్చట సి.ఇ.సి. విద్యార్థికి తలుపు నిజముగా మూయబడియే యున్నది. కుమారుని కెనడాకు పంపదలచిన తల్లిదండ్రులు గ్రూపు నిర్ణయించునాడే ఈ సంగతి విచారింపవలెను.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ప్రతివాడును ఎంబీఏకు తగునని నేననుట లేదు. ఫైనాన్సు, అనలిటిక్సు అను శాఖలలో ప్రవేశించి అంకెలను ద్వేషించువాడు తన్నును, తన సంస్థను కష్టపెట్టును. కాని మేనేజిమెంటు అంతయు ఫైనాన్సు కాదు. జంషెడ్‌పూరులోని ఎక్స్.ఎల్.ఆర్.ఐ. తన మానవవనరుల కోర్సునకు ఎక్సాట్ పరీక్ష గణితభాగమున, సామాన్య వ్యాపార కోర్సునకంటె తక్కువ గడపను నిర్ణయించుచు వచ్చినది. భాషలోను, మనుష్యులను అర్థము చేసికొనుటలోను బలము గలవారికి అది తగిన మార్గము. శక్తి ఏ దిక్కున నున్నదో ఎరిగి కోర్సును ఎన్నుకొనుట వేరు. భయము ఏ దిక్కున నున్నదో చూచి దానికి దూరముగా పరుగెత్తుట వేరు. మన పిల్లలచేత రెండవది చేయించుచున్నాము.

ఇందుకు మారుగా, కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2020 పరీక్షల నుండి పదియవ తరగతి గణితమును స్టాండర్డు, బేసిక్ అని రెండుగా విభజించి, పై తరగతులలో అప్లైడ్ మాథమేటిక్స్ అను సబ్జెక్టును ప్రవేశపెట్టినది. వడ్డీ, వాయిదాల చెల్లింపు, సూచీసంఖ్యలు, సంభావ్యత మున్నగునవి అందలి విషయములు. ఇంజినీరు కాదలచనివానికి కూడ గణితము కావలెనని ఒక బోర్డు అంగీకరించి అందుకు తగిన పుస్తకము వ్రాయించుట ఇందలి విశేషము. మన ఇంటర్మీడియట్ బోర్డు సి.ఇ.సి. విద్యార్థికి ఇట్టి గణితమును ఇంతవరకు ఈయలేదు. అతడు పూర్తి గణితమునే చదువవలెను, లేదా పూర్తిగా మానవలెను. వాణిజ్యశాస్త్రమును రెండేండ్లు చదివిన పిల్లవాడు చక్రవడ్డీ సూత్రమెరుగక బయటికి వచ్చుట ఆ సబ్జెక్టుకే అవమానము.

కావున చేయవలసినవి రెండు. సి.ఇ.సి.లో, కనీసము ఐచ్ఛికముగనైనను, వ్యాపార గణితమును నూరు మార్కుల సబ్జెక్టుగా ఇంటర్ బోర్డు చేర్చవలెను. బోధించుటకు కొత్త అధ్యాపకులు అక్కరలేదు, చాలవరకు జూనియర్ కళాశాలలలో గణితోపన్యాసకులు ఉండనే యున్నారు. డిగ్రీ కళాశాలలు ఐసెట్ ప్రకటన కొరకు వేచియుండక, బి.ఏ., బి.కామ్. రెండవ సంవత్సరములోనే వారమునకు మూడు గంటల వంతున శాతములు, నిష్పత్తులు, సగటులు, పట్టికలను చదువుట అను నాలుగు విషయములను తెలుగులో వివరించి ఆంగ్లములో అభ్యసింపజేయవలెను. గన్నవరమునుండి సిటీ బస్సులో విజయవాడ పోయి, కోచింగుకు వేలకు వేలు చెల్లించి, రాత్రి ఇల్లు చేరు బాలికకు ఆ మూడు గంటలు తన కళాశాలలోనే దొరకినచో, డిగ్రీ పిదప కేసరపల్లి ఐటీ టవర్లలో ఉద్యోగము చేయుచునే క్యాట్ వ్రాయుటకు ఆమెకు అడ్డమేమియు నుండదు. రానున్న విద్యా సంవత్సరపు పాఠ్యప్రణాళికను ఖరారు చేయుటకు ముందే ఉన్నత విద్యామండలి, ఇంటర్ బోర్డు ఈ విషయమున కలిసి కూర్చుండవలెను.